కారుకి సిరామిక్ కోటింగ్ మనమే వేసుకోవడం ఎలా: సీసా కొనే ముందు నుంచి నీటి మరకల దాకా

సిరామిక్ కోటింగ్ అంటే కారు పెయింట్ మీద రాస్తే గట్టిపడి పల్చటి పొరగా నిలిచే ద్రవం. డిటెయిలింగ్ స్టూడియోకి, అంటే కారుని శుభ్రం చేసి మెరుగుపెట్టే షాపుకి, వెళ్తే మామూలు సెడాన్‌కి దీని రేటు పదిహేను, ఇరవై వేల దగ్గర మొదలవుతుంది. ఎన్ని లేయర్లు, ఎన్నేళ్ల వారంటీ అంటూ అక్కణ్నుంచి పెరుగుతూ పోతుంది. అదే జాతి ద్రవం 30 మి.లీ., 50 మి.లీ. సీసాల్లో ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే దొరుకుతుంది. మరి మిగతా డబ్బు దేనికంటే, చాలావరకు పూత వేసే ముందు కారుని కడిగి, మట్టి తీసి, పాలిష్ పట్టే చేతిపనికి. ఆ పనికి మీకు ఓపికుంటే పూత వేయడం ఒక పూట పని. ఓపిక లేకపోతే ఎంత ఖరీదైన సీసా కొన్నా దండగే. పూత కింద ఏ గీత ఉంటే ఆ గీతే ఇంకా మెరుస్తూ ఏళ్ల తరబడి కనిపిస్తుంది.

ముందు ఆశలు సరిచేసుకోండి

బాక్సు మీద పెద్ద అక్షరాలతో 9హెచ్ అని ఉంటుంది. అది పెన్సిల్ గట్టిదనం పరీక్ష. వేర్వేరు గట్టిదనాల పెన్సిళ్లతో పూత మీద నొక్కి గీస్తారు, 9హెచ్ పెన్సిల్‌కి కూడా గీత పడకపోతే ఆ రేటింగ్ ఇస్తారు. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలుకీ దీనికీ సంబంధం లేదు. మన రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ మోస్ స్కేలు మీద 7. దుమ్ము పట్టిన కారుని పొడిగుడ్డతో రుద్దితే 9హెచ్ పూత కూడా గీతలు పడుతుంది. ఇందులో వాదనకేం లేదు.

మందం కూడా చూడండి. ఫ్యాక్టరీ పెయింట్ పైన ఉండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, సుమారు 40–50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. దాని మీద మీరు వేసే పూత ఒకటి, రెండు మైక్రాన్లకి మించదు. లారీ టైరు కింద నుంచి ఎగిరొచ్చే కంకర రాయిని అది ఆపలేదు. అందుకు 150–200 మైక్రాన్ల మందం ఉండే పీపీఎఫ్, అంటే పెయింట్ మీద అతికించే ప్లాస్టిక్ ఫిల్మ్, కావాలి. దాని ఖర్చు వేరు, కథ వేరు.

మరి పూత చేసేదేంటి? నీళ్లు నిలవకుండా జారిపోతాయి, మురికి గట్టిగా అంటుకోదు, కడగడం సగం శ్రమతో అయిపోతుంది. పక్షి రెట్ట, చెట్ల జిగురు, ఎండ నేరుగా పెయింట్‌ని తాకే ముందు ఒక పొర అడ్డుంటుంది. రంగుకి లోతు, మెరుపు వస్తాయి. నిజానికి ఆ మెరుపులో ఎక్కువ వాటా పాలిష్‌దే, పేరు మాత్రం పూతకి వస్తుంది.

ఏ సీసా కొనాలి

మార్కెట్లో మూడు రకాలున్నాయి. మొదటివి సిరామిక్ స్ప్రేలు. టర్టిల్ వాక్స్, మెగ్వయర్స్ లాంటి కంపెనీలవి. కొట్టి తుడిస్తే చాలు, కొన్ని నెలలు పనిచేస్తాయి. రెండోవి ఇంట్లో వేసుకోవడానికే చేసిన సీసా పూతలు. కార్‌ప్రో వాళ్ల సీక్వార్ట్జ్, జీటెక్నిక్ వాళ్ల క్రిస్టల్ సీరమ్ లైట్ ఈ కోవవి. మూడోవి ప్రొఫెషనల్ పూతలు, శిక్షణ పొందిన డిటెయిలర్లకే అమ్ముతారు. అవి ఎక్కడైనా అడ్డదారిలో దొరికినా కొనకండి. అవి త్వరగా బిగుస్తాయి, చేయి తిరగనివాళ్లు తుడిచేలోపే మచ్చలు కట్టేస్తాయి.

కారు ఎండలోనే నిలబడుతుందా, రెండు మూడేళ్లలో అమ్మేస్తారా, పాలిష్ చేసే ఉద్దేశం లేదా? అయితే స్ప్రే చాలు, మొహమాటపడకండి. సెల్లార్‌లోనో షెడ్‌లోనో పార్కింగ్ ఉండి, వారాంతం మొత్తం దీనికి కేటాయించగలిగితే సీసా పూతకి వెళ్లండి. హ్యాచ్‌బ్యాక్‌కి 30 మి.లీ. సరిపోతుంది. పెద్ద ఎస్‌యూవీకి 50 మి.లీ. తీసుకోండి.

కొనేటప్పుడు చూడాల్సినవి తయారీ తేదీ, సీలు, ఎంతసేపటికి తుడవాలో స్పష్టంగా రాసిన సూచనలు. పూతలోని సిలికా 70 శాతం, 80 శాతం అనే అంకెల్ని, గ్రాఫీన్ (ఒక రకం కార్బన్) కలిపామనే మాటని నేను లెక్కలోకి తీసుకోను. ఇంట్లో మీరు సరిచూసుకోగలిగే విషయాలు కావవి. బాక్సు మీద మూడేళ్లు అని ఉంటే, రోజంతా ఎండలో ఉండే కారుకి అందులో సగం వేసుకోండి. అంతకంటే ఎక్కువ వస్తే లాభమే. ఈ ద్రవం గాలిలోని తేమతో చర్య జరిపి గట్టిపడుతుంది కాబట్టి మూత తీసిన సీసా దాచుకోవడానికి పనికిరాదు. మిగిలితే హెడ్‌లైట్లకో బైక్ ట్యాంకుకో వాడేయండి. మూతి దగ్గర తెల్లగా పలుకులు కట్టిన సీసాని మాత్రం కారు దగ్గరికి రానివ్వకండి.

మ్యాట్ పెయింట్ ఉన్నవాళ్లు దానికోసం ప్రత్యేకంగా చేసిన పూతే తీసుకోండి, పాలిష్ జోలికి అసలు పోవద్దు. యాక్సిడెంట్ తర్వాత ఏదైనా డోరుకి కొత్తగా పెయింట్ వేయించి ఉంటే, అందులోని ద్రావకాలు బయటికి పోవడానికి కనీసం నెల ఆగండి. పెయింటర్ ఇంకా ఎక్కువ చెప్తే ఆయన మాటే వినండి.

ఎప్పుడు, ఎక్కడ

తెలంగాణ, రాయలసీమల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో బానెట్ మీద చేయి పెట్టలేం, అలాంటి రేకు మీద ద్రవం వేసీ వేయగానే ఎండిపోయి చారలు కడుతుంది. రేకు చేతికి చల్లగా తగలాలి, అదే గుర్తు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో తేమే పెద్ద సమస్య. పూత జిగటగా మారి తుడుస్తుంటే గుడ్డకి పట్టేస్తుంది, కాబట్టి అక్కడివాళ్లు చిన్న చిన్న భాగాలుగా వేసుకుని త్వరగా తుడవాలి. వానాకాలంలో వేయకపోవడమే మేలు.

చలికాలంలో ఒక తిరకాసుంది. రాత్రి ఆరుబయట ఉంచితే తెల్లారేసరికి మంచు పడుతుంది, పూత వేసిన మొదటి రోజు చుక్క నీరు కూడా పడకూడదు. అందుకే పైకప్పు తప్పనిసరి. అపార్ట్‌మెంట్ సెల్లార్ అయితే ఆ రోజు మీ స్లాట్ చుట్టుపక్కల ఊడవొద్దని వాచ్‌మన్‌కి ముందే చెప్పి పెట్టుకోండి. పైన పైపులేవైనా కారుతున్నాయేమో కూడా చూసుకోండి.

మొదటి రోజు: కడగడం, మట్టి తీయడం

ప్రెషర్ వాషర్ ఉంటే దానితో, లేకపోతే పైపుతో, వదులుగా ఉన్న మట్టి అంతా ముందు నీళ్లతోనే పోనివ్వండి. తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్లో కార్ షాంపూ, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. మైక్రోఫైబర్ మిట్‌ని, అంటే చేతికి తొడుక్కునే మెత్తటి తొడుగుని, షాంపూలో ముంచి ఒక ప్యానెల్ తుడవగానే నీళ్ల బకెట్‌లో జాడించి, మళ్లీ షాంపూలో ముంచండి. పైనుంచి కిందికి రావాలి. బంపర్ల అడుగు భాగం, డోర్ల కింది అంచులు చివర్లో.

తర్వాత ఐరన్ రిమూవర్. బ్రేక్ ప్యాడ్ల నుంచి రాలే ఇనుప రజను పెయింట్‌లో గుచ్చుకుని ఉంటుంది. రైలు పట్టాల పక్కన పార్క్ చేసే కార్ల మీద ఇది మరీ ఎక్కువ. స్ప్రే చేసిన రెండు మూడు నిమిషాల్లో అక్కడక్కడా ఊదారంగు చారలు కారతాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, భయపడకండి. ఎండిపోనివ్వకుండా కడిగేయాలి. కొత్తగా వేసిన రోడ్ల మీద తిరిగిన కారుకి డోర్ల కింద తారు చుక్కలు ఉంటాయి. వాటికి టార్ రిమూవర్ వాడండి. కిరోసిన్‌తో కూడా పోతాయి కానీ నూనె పొర మిగులుతుంది, ఆ చోట మళ్లీ షాంపూతో కడగాల్సిందే.

ఇప్పుడు చేతికి పల్చటి పాలిథీన్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. కంటికి నున్నగా కనిపించే పెయింట్ కవర్ కింద గరుగ్గా తగిలితే క్లే బార్, అంటే పెయింట్‌లో ఇరుక్కున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద, వాడాలి. షోరూమ్ నుంచి నిన్న తెచ్చిన కారైనా ఈ పరీక్ష చేయండి, యార్డుల్లో నెలల తరబడి నిలబడి ఉంటుంది కదా. క్లేని చిన్న బిళ్లలా చేసి, షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, నొక్కకుండా సూటిగా ముందుకీ వెనక్కీ నడపండి. గుండ్రంగా తిప్పొద్దు. రెండు మూడు ప్యానెళ్లకోసారి మడిచి శుభ్రమైన వైపు తిప్పుకోండి. చేతిలోంచి నేల మీద పడితే ఆ ముక్క ఇక చెత్తబుట్టకే. వంద రూపాయల క్లే కోసం బానెట్ గీకించుకోవద్దు.

పాలిష్: ఇక్కడే అసలు ఫలితం

కారుని బాగా తుడిచి ఆరనిచ్చి, చీకటి పడ్డాక ఫోన్ టార్చ్ పట్టి చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడులా సన్న గీతలు కనిపిస్తాయి. వీటినే స్విర్ల్స్ అంటారు. డీఏ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ కదిలే మెషీన్), ఫినిషింగ్ ప్యాడ్, సన్నరకం పాలిష్‌తో వీటిలో చాలావరకు పోతాయి. రెండడుగుల చదరం తీసుకుని, మెషీన్‌ని నెమ్మదిగా అడ్డంగా, నిలువుగా నడపండి. బానెట్ అంచులు, డోర్ల మీద మడతలు ఉన్నచోట క్లియర్ కోట్ పల్చగా ఉంటుంది, అక్కడ మాస్కింగ్ టేప్ వేసేయండి. గోరు తగిలి ఆగే గీతని వదిలేయండి. దాన్ని తీయాలని పట్టుబడితే క్లియర్ కోట్ పోతుంది, గీత మాత్రం ఉంటుంది.

రోటరీ మెషీన్, అంటే గ్రైండర్‌లా ఒకే అక్షం మీద తిరిగేది, మొదటిసారి చేసేవాళ్లకి వద్దు. నిమిషంలో పెయింట్ వేడెక్కి కాలిపోతుంది. మెషీన్ కొనడం ఇష్టం లేకపోతే మధ్యేమార్గం ఒకటుంది. పాలిష్ వరకు షాపులో చేయించి, పూత ఇంటికొచ్చి వేసుకోవచ్చు. కానీ కొన్ని షాపుల్లో వాడే పాలిష్‌లో గీతల్ని తాత్కాలికంగా పూడ్చే నూనెలు ఉంటాయి. వాటి మీద పూత నిలవదు. కాబట్టి తర్వాతి మెట్టుని అస్సలు దాటేయొద్దు.

ఆ మెట్టు ప్యానెల్ వైప్. దీనికోసమే అమ్మే స్ప్రే కొనొచ్చు, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కనీసం అంతే డిస్టిల్డ్ వాటర్ కలుపుకోవచ్చు. ఒక ప్యానెల్ మీద కొట్టి శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడిచి, ఇంకో గుడ్డతో పొడిగా చేయండి. ఇంట్లో మిగిలిన హ్యాండ్ శానిటైజర్ పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. రాదు. అందులో గ్లిజరిన్ ఉంటుంది, అది పెయింట్ మీద పొరలా మిగిలిపోతుంది. తుడిచాక స్విర్ల్స్ మళ్లీ బయటపడితే పాలిష్ నిజంగా తీయలేదని అర్థం. పూతకి తొందరపడకుండా ఇంకోసారి పాలిష్ పట్టండి.

రెండో రోజు: పూత

నైట్రైల్ గ్లవ్స్, మాస్క్ వేసుకోండి. సెల్లార్‌లో గాలి ఆడేలా చూసుకోండి, ఈ ద్రావకాల ఆవిరి తల తిప్పుతుంది. వైపర్లు, నల్ల ప్లాస్టిక్ భాగాలు, రబ్బరు బీడింగులకి టేప్ వేయండి. ముందు అద్దానికి ఈ పూత వేయొద్దు, వైపర్ దడదడలాడుతుంది. అద్దాలకి వేరే పూతలున్నాయి.

బాక్సులో చిన్న స్పాంజి దిమ్మె, స్వెడ్ గుడ్డ ముక్కలు ఉంటాయి. దిమ్మెకి గుడ్డ చుట్టి, మొదటిసారి ఎనిమిది, పది చుక్కలు వరసగా వేయండి. తర్వాతి భాగాలకి నాలుగైదు చాలు. మొదట ఎవరి కంటా పడని చోట, అంటే వెనక డోరు కింది భాగంలో, మొదలుపెట్టండి. అడ్డంగా, మళ్లీ నిలువుగా, గళ్లు పడేట్టు రాయండి. ఎక్కడా పొడిచోటు మిగలకూడదు. రెండడుగుల చదరం దాటొద్దు.

ఇప్పుడు చూస్తూ ఉండండి. పెట్రోలు నీళ్లలో పడ్డప్పటిలా ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి, చిన్న చిన్న బిందువులుగా చెమట పట్టినట్టు అవుతుంది. మన వాతావరణంలో దీనికి ఒకటి, రెండు నిమిషాలు పట్టొచ్చు, ఎండాకాలంలో అర నిమిషం కూడా పట్టదు. గడియారం కంటే కంటినే నమ్మండి. అప్పుడు పొట్టి నూలు మైక్రోఫైబర్‌తో మెల్లగా చదును చేసి, రెండో పొడి గుడ్డతో మెరిసేదాకా తుడవండి. గుడ్డ జారకుండా పట్టేస్తుంటే ఆలస్యం అయిందని, నూనెలా పూసుకుపోతుంటే తొందరపడ్డారని తెలుసుకోండి.

తుడిచాక పక్కనుంచి, కిందనుంచి టార్చ్ వేసి చూడాలి. తుడవకుండా మిగిలిపోయిన చోట నల్లటి నీడలా మచ్చ కనిపిస్తుంది. దీన్ని హై స్పాట్ అంటారు. తెల్ల కారు, సిల్వర్ కారు ఉన్నవాళ్లు ఇక్కడ రెట్టింపు జాగ్రత్తగా ఉండాలి, మచ్చ ఆ రోజు కంటికి దొరకదు, వారం తర్వాత ఎండలో దొరుకుతుంది. నల్ల కారులో అప్పుడే కనిపిస్తుంది, ఆ ఒక్క విషయంలోనే నల్ల కారు నయం. వేసిన గంటలోపైతే అదే చోట కొద్దిగా తాజా ద్రవం రాసి వెంటనే తుడిస్తే కరిగి చదునవుతుంది. గట్టిపడ్డాక పాలిష్ పట్టి, ఆ ముక్కకి మళ్లీ వేయడం తప్ప దారి లేదు.

రెండు మూడు ప్యానెళ్లకోసారి స్వెడ్ గుడ్డ మార్చండి. ఎండిన గుడ్డలో గాజు పలుకుల్లాంటివి తయారై పెయింట్‌ని గీకుతాయి. తుడిచిన మైక్రోఫైబర్లని వెంటనే నీళ్ల బకెట్‌లో వేసి, ఆ తర్వాత నేల తుడవడానికి వాడుకోండి. ఉతికి మళ్లీ కారుకి మాత్రం వాడొద్దు. రెండో లేయర్ వేయాలనుకుంటే బాక్సు మీద చెప్పినంత వ్యవధి ఇవ్వండి. రెండుకి మించి వేయడం ఇంట్లో అనవసరం.

మొదటి వారం

మొదటి 24 గంటలు కారు కదలకూడదు, తడవకూడదు. వారం దాకా షాంపూ వాష్ వద్దు. ఈలోపు పక్షి రెట్ట వేస్తే తడిగుడ్డతో అద్ది తీసేసి ఆరబెట్టండి. కారు కవర్ కప్పొద్దు. ఆ మాటకొస్తే వారం తర్వాత కూడా వద్దు. కవర్ కింద చేరే దుమ్ము గాలికి కదిలినప్పుడల్లా గరుకు కాగితం పని చేస్తుంది.

తర్వాత చూసుకోవడం

పూతకి మన ఊళ్లలో మొదటి శత్రువు పొద్దున్నే వచ్చి కారు తుడిచే పద్ధతి. ఒకే బకెట్, ఒకే గుడ్డ, వరసగా పది కార్లు. ఆ అబ్బాయిని మాన్పించమని అనడం లేదు. నెల డబ్బులు అలాగే ఇచ్చి, అద్దాలు, టైర్లు, లోపలి మ్యాట్లు మాత్రం చూసుకోమనండి, బాడీ మీద గుడ్డ పెట్టొద్దని చెప్పండి. దుమ్ముంటే ఉండనివ్వండి, రెండు వారాలకోసారి మీరే కడుక్కోండి. కోడిఈకల బ్రష్షు, నూలు డస్టరు ఉంటే వాటిని కూడా డిక్కీలోంచి తీసేయండి.

షాంపూ పీహెచ్ న్యూట్రల్ అని రాసి ఉన్నది వాడండి. గిన్నెల లిక్విడ్, బట్టల సబ్బుపొడి వాడితే నీళ్లని జార్చే పూత గుణం క్రమంగా తగ్గుతుంది. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు వాటర్ వాష్ వద్దని, పాలిష్ వద్దని జాబ్ కార్డులో రాయించండి. నోటిమాటగా చెప్తే వాషింగ్ బే దాకా చేరదు. రబ్బింగ్ పాలిష్ ఒక్కసారి పట్టినా మీ పూత అక్కడితో సరి.

రెండో శత్రువు నీళ్లు. జారిపోగా మిగిలిన నీళ్లు పూత మీద గుండ్రటి బొట్లుగా నిలుస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఎండలో ఆ బొట్టు ఎండితే అందులోని ఉప్పులన్నీ ఒకే చోట తెల్లటి వలయంగా మిగులుతాయి. హైదరాబాద్ బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టకుండా వదిలేసిన కారు మీద ఇది ఒక్క మధ్యాహ్నంలో జరిగిపోతుంది. ఆర్‌వో ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లు పట్టి కారు కడిగేవాళ్లు ఉన్నారు. పొదుపు మంచిదే కానీ ఆ నీళ్లలో లవణాలు కొళాయి నీళ్లకంటే ఎక్కువ, కారుకి అంతకంటే చెడ్డవి లేవు. ఏసీ డ్రైన్ పైపు నుంచి వచ్చే నీళ్లు మాత్రం బంగారం. గాలిలోని తేమ నుంచి వచ్చినవి కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. వడకట్టి చివరి జాడింపుకి వాడండి. నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ కొన్ని వందలకే దొరుకుతుంది, ఒకసారి అన్ని నీళ్లూ కొలిచి చూస్తే మీకే తెలుస్తుంది.

కడిగిన వెంటనే మందపాటి మైక్రోఫైబర్ టవల్‌ని పరిచి, రుద్దకుండా అద్దండి. మరక పడితే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, నీడలో, చల్లటి రేకు మీద ఒక్క నిమిషం తడిగుడ్డ ఉంచి షాంపూతో కడిగేయండి. దానికీ పోకపోతే ఉప్పు పూతని తినేసిందని అర్థం, ఆ చోట పాలిష్ తప్పదు.

దసరాకి వాహన పూజ చేస్తారు కదా. తడి పసుపు, రంగు కలిసిన కుంకుమ బానెట్ మీద ఎండలో ఆరితే మరక వదలదు. బొట్టు ముందు అద్దం మూలన పెట్టండి. దండ వైరుతో కాకుండా దారంతో కట్టింది తీసుకోండి, కదులుతున్న వైరు చివర ప్రతి కిలోమీటరుకీ ఒక గీత పెడుతుంది.

రెండు మూడు నెలలకోసారి కడిగాక సిలికా టాపర్ స్ప్రే, అంటే పూత మీద కొట్టే సిలికా స్ప్రే, పల్చగా కొట్టి తుడవండి. ఏడాదికోసారి ఐరన్ రిమూవర్‌తో పూర్తిగా శుభ్రం చేయండి.

ఏదో ఒక రోజు నీళ్లు బొట్లు కట్టడం మానేసి చాపలా పరుచుకుంటాయి. వెంటనే పూత పోయిందని తీర్మానించకండి, చాలాసార్లు పైన రోడ్డు మురికి పొర కట్టి ఉంటుంది అంతే. షాంపూ, ఐరన్ రిమూవర్, అవసరమైతే వెనిగర్ నీళ్లు, ఈ వరసలో శుభ్రం చేసి మళ్లీ నీళ్లు పోసి చూడండి. అప్పటికీ బానెట్, రూఫ్ మీద బొట్లు రాకుండా డోర్ల మీద వస్తుంటే ఎండ పడే భాగాల్లో పూత అరిగిపోయింది. కారంతా మళ్లీ చేయక్కర్లేదు. ఆ రెండింటికే క్లే లేకుండా సన్న పాలిష్, ప్యానెల్ వైప్, కొత్త పూత వేస్తే చాలు, 30 మి.లీ. సీసాలో సగం కూడా ఖర్చవదు.